వాగుకెంత దూరం

పొయ్యి ముట్టించడానికి ఎండుపుల్లలు ఏరుకొచ్చే పని ఆ సాయంత్రం నా వంతుకు వచ్చింది. దసరా సెలవులు. వానలు అప్పుడప్పుడే వెనకబట్టాయి. కింద పడ్డ కట్టె ఏది తెచ్చి పెట్టినా పొగే తప్ప మంట లేదు. చుట్టూ చూస్తే ఒడ్డు మీది ఏరుమద్ది చెట్టు కనబడింది. రెండు కొమ్మలు చీలే చోట, నా తల కంటే కాస్త ఎత్తులో, కాకిగూడులాంటిది ఒకటి ఇరుక్కొని ఉంది. దగ్గరికి పోయి చూస్తే గూడు కాదు. ఎండుగడ్డి, వెదురాకులు, సన్న పుల్లలు, చిరిగిన ఎరువు సంచి ముక్క ఒకటి, అంతా ఒకే దిక్కుకు దువ్వినట్టు ఒదిగి ఉంది. గాలికి ఎండి గలగలమంటోంది. సంబరంగా చెయ్యెత్తి లాగి, ఒళ్లో పోసుకొని తెచ్చి మూడు రాళ్ల నడుమ పెట్టాను. ఒక్క అగ్గిపుల్లకు భగ్గుమంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అది వరద చెత్త. ఆ ఏడు వానకాలం వాగు ఎంత ఎత్తున పారిందో ఆ కొమ్మలో గుర్తు పెట్టి పోయింది. ఆ గుర్తును పొయ్యిలో పెట్టి అన్నం వండుకుని, దానికి నిలువెత్తు కిందుగా, ఇసుకలో డేరా వేసుకుని మేం నలుగురం హాయిగా పడుకున్నాం. అందరం చదువుకున్నవాళ్లమే. ఒకాయన భూగోళం పంతులు కూడాను.

ఆ వాగు పేరు రాయను. రాస్తే వచ్చే ఆదివారానికి అక్కడ పది కార్లు ఆగుతాయి. కడెం నదిలో కలుస్తుందని మాత్రం చెబుతాను. కడెం తెలుసు కదా, బోథ్ దిక్కు గుట్టల్లో పుట్టి, నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతమై దూకి, కడెం ప్రాజెక్టు దగ్గర కాసేపు ఆగి, గోదావరిలో కలిసే నది. దాంట్లోకి రెండు పక్కల నుంచీ లెక్కలేనన్ని వాగులు దిగుతాయి. 2016లో జిల్లాలు ముక్కలయ్యాక ఏ వాగు ఏ జిల్లాలో పుట్టి ఏ జిల్లాలో కలుస్తుందో చెప్పడం కష్టమైపోయింది. పాత ఆదిలాబాద్ ఒక్కటే నాలుగైంది. వాగులకు ఈ సంగతి ఇంకా తెలిసినట్టు లేదు.

పొద్దు గూకే వేళ ఆవుల మందతో ఒక పెద్దాయన అటుగా పోతూ ఆగాడు. రామ్ రామ్ అన్నాడు, మేమూ అన్నాం. అగ్గిపెట్టె అడిగి బీడీ ముట్టించుకున్నాడు.

"ఈడనే పండుతరా?"

"అవు దాదా. మస్తుంది గద జాగ."

"గడ్డ మీద పండరాదుండ్రి," అని, మంద ముందుకు సాగిపోతుంటే దాని వెంట పోయాడు. ఎందుకో అడగాలని మాకు తోచలేదు. పులి భయమేమో అని ఒకరం, మన డేరా చూసి నవ్వుకున్నాడేమో అని ఒకరం అనుకున్నాం. రాత్రి తొమ్మిదింటికి ఉత్తరాన గుట్టల మీద మెరుపులు మొదలయ్యాయి. చప్పుడు లేదు, ఉత్త వెలుగు. సినిమా తెర ముందు కూచున్నట్టు వరసగా కూచుని చూశాం. ఎంత బాగున్నాయో అని ఫోటోలకు ప్రయత్నించాం కూడా.

రాత్రి రెండు దాటాక మెలకువ వచ్చింది. దూరంగా ఘాటు రోడ్డు మీద బస్సు ఎక్కుతున్న చప్పుడు. ఈ అడవిలో ఈ వేళప్పుడు బస్సేమిటి అనుకునే లోపలే బురద వాసన కొట్టింది, తర్వాత వీపు కింద పరుపు మెల్లగా పైకి లేచింది. డేరాలో పరుపు లేదు. డేరా అడుగు పట్టా అది, దాని కిందికి నీళ్లు వచ్చాయి. జిప్పు ఎటు ఉందో నలుగురిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఎట్లాగో బయటపడి, గుంజలతో సహా డేరాను ఈడ్చుకుంటూ గడ్డెక్కాం. అన్నం గిన్నె, ఒక టార్చిలైటు, నా కొత్త బూట్లు రెండూ వాగు తీసుకుపోయింది. తలెత్తి చూస్తే ఆకాశం నిండా చుక్కలు. మేమున్న చోట ఒక్క చినుకు పడలేదు.

భూగోళం పంతులు తడి లుంగీతో వణుకుతూ అప్పుడు పాఠం చెప్పాడు. ఆ గుట్టల మీద మట్టి పలుచన, కింద బండ. పైన గంటసేపు గట్టి వాన పడితే ఇంకిపోయేది కొంచెమే, మిగిలిందంతా వాలు పట్టుకుని కిందికే వస్తుంది. వాగు పొడుగు తక్కువ కాబట్టి నీళ్లు చేరడానికి రోజులు పట్టవు, గంటలు చాలు. అంతా నిజమే. సాయంత్రమే చెప్పి ఉంటే నా బూట్లు మిగిలేవి.

నాకు మాత్రం పాఠం కంటే ముందు మా బాపు గుర్తొచ్చాడు.

మాది మంథని దిక్కు ఊరు. నా చిన్నప్పుడు రెండేళ్లకోసారి మాఘ పున్నమికి మేడారం జాతరకు ఎడ్లబండ్లు కట్టుకుని పోయేవాళ్లం. ఏడెనిమిది బండ్లు వరసగా. బండిలో వరిగడ్డి పరిచి దాని మీద బొంతలు, బియ్యం మూట, సమ్మక్క తల్లికి మొక్కిన బెల్లం, కాళ్లు కట్టిన కోళ్లు, వాటి నడుమ పిల్లలం. ఇరుసు కింద వేలాడే కందీలు ఊగినప్పుడల్లా ఎడ్ల కాళ్ల నీడలు రోడ్డు పక్క చెట్ల మీద ఏనుగు కాళ్లంత అయ్యేవి. మానేరు దాటి కాటారం మీదుగా పోతుంటే రెండు మూడు రాత్రులు అడవిలోనే మకాం. మకాం ఎక్కడంటే వాగు ఎక్కడుంటే అక్కడ. దాన్ని మేం క్యాంపింగ్ అనలేదు. జాతరకు పోవుడు అన్నాం.

బండ్లు విప్పగానే అవ్వ చేసే మొదటి పని చెలిమె తీయడం. మాఘంలో వాగు సన్నగా ఒక పక్క నుంచి పారుతుంటుంది, ఆ పారే నీళ్లు ఎడ్లకు. మనుషులకు చెలిమె నీళ్లు. పారకానికి నాలుగడుగుల దూరంలో ఇసుకను చేతులతో తోడుతుంది. మోచేయి లోతు పోయేసరికి అడుగున చెమ్మ, ఆ చెమ్మ చూస్తుండగానే గుక్కెడు నీళ్లవుతుంది. మొదటి నీళ్లు బురదగా ఉంటాయి, వాటిని ముంతతో తోడి పారబోయాలి. రెండోసారి తెల్లగా, మూడోసారికి అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టుకునేంత తేటగా ఊరతాయి. అంచు ఇసుక జారి పడకుండా చుట్టూ టేకు ఆకులు పెట్టేది. లేత టేకాకు నలిపితే చేతులు ఎర్రగా అవుతాయి. ఆ ఎరుపు చూపించి, చెయ్యి తెగిందని చెల్లెను ఏడిపించడం నా పని. ఆ నీళ్ల రుచి గురించి చెప్పబోతే చెప్పలేను. మంథనిలో ఇప్పుడు దొరికే ఇరవై లీటర్ల క్యాను నీళ్లు తాగినప్పుడు మాత్రం గుర్తొస్తుంది.

వంట వాగులోనే. అన్నాలు తిన్నాక మాత్రం బాపు అందరినీ లేపి గడ్డ మీదికి నడిపించేవాడు. మెత్తటి ఇసుక వదిలి, రాళ్లూ వేళ్లూ గుచ్చుకునే చోటికి. "వాగుల అండుకోవాలె, గడ్డ మీద పండుకోవాలె" అనేవాడు. నీళ్లే లేవు గద బాపూ అని రోజూ మారాం చేసేవాణ్ణి. రోజుకో కారణం చెప్పేవాడు. మొదటి రాత్రి, ఇసుక చలి లాగుతది బిడ్డా అన్నాడు. రెండో రాత్రి, జంతువులు నీళ్లకొస్తయి, మనం అడ్డం పండుకుంటే అవి ఎటు పోవాలె అన్నాడు. మూడో రాత్రి, గొంతు తగ్గించి, తెల్లారగట్ల ఆడోళ్లు వాగుకు పోతరు, ఆడ మొగోళ్లు పండుకొని ఉంటే ఎట్ల అన్నాడు. వరద మాట మూడింట్లో ఒక్కసారీ రాలేదు. మాఘంలో వరద రాదని బాపుకూ తెలుసు. అయినా గడ్డెక్కేవాడు. వాగుకు ఇవ్వాల్సిన దూరం ఒక్క వరద కోసమే కాదని నాకు అర్థం కావడానికి నలభై ఏళ్లు, ఒక జత బూట్లు ఖర్చయ్యాయి.

డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు పోయినేడు ఫోటోలు పంపాడు. అక్కడి కొండ అడవుల్లో సెలయేటి పక్కన క్యాంపుగ్రౌండ్లు. ఒక్కో డేరా జాగకు నంబరు, ఒక కట్టె బల్ల, మంట వేసుకోవడానికి నేలలో పాతిన ఇనుప చట్రం. ముందే బుక్ చేసుకోవాలట. చూడముచ్చటగా ఉంది, కాదనను. ఆ చుట్టుపక్కలే ఆర్కన్సా రాష్ట్రంలో వాషిటా అనే జాతీయ అడవి ఉంది. 2010 జూన్ 11 తెల్లవారుజామున అందులోని ఆల్బర్ట్ పైక్ క్యాంపుగ్రౌండు మీదికి లిటిల్ మిసోరి నది లేచి వచ్చి 20 మందిని పొట్టన పెట్టుకుంది. నంబర్లూ బల్లలూ ఉన్న జాగలో, నిద్రలో. మా మీదికి వచ్చిందీ ఆ జాతి నీళ్లే. మాకు మెలకువ వచ్చింది, అంతే తేడా. ఆ దేశంలోనే, క్యాంపుగ్రౌండు వదిలి అడవిలో సొంతంగా డేరా వేసుకునేవాళ్లకు చెప్పే లెక్క ఒకటుంది. నీటికి 200 అడుగుల దూరం, అంటే పెద్దవాళ్ల నడకలో ఓ డెబ్బై అంగలు. ఎందుకని మేనల్లుణ్ణి అడిగితే, నీళ్లు ఖరాబు కాకుండా, జంతువులు వచ్చి తాగిపోయేందుకు అన్నాడు. బాపు రెండో రాత్రి చెప్పిందే. మూడో రాత్రి మాట అక్కడి లెక్కలో ఉందో లేదో నేను అడగలేదు.

దూరం పాటించడంలో మెస్రం వంశం వాళ్లను మించినవాళ్లను నేను చూడలేదు. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర. దానికి ముందు మెస్రం గోండులు కాలినడకన బయలుదేరి, జన్నారం మండలం కలమడుగు దగ్గర గోదావరిలోని హస్తినమడుగు దాకా పోయి, కలశంలో నీళ్లు పట్టుకుని మళ్లీ నడిచే వస్తారు. పోనూ రానూ రోజుల తరబడి నడక, దారి పొడుగునా మకాములు. కేస్లాపూర్ చుట్టూ నీళ్లు లేకనా? ఉన్నాయి. అయినా అంత దూరం పోతారు. దగ్గరి నీళ్లు తాగడానికి, దూరపు నీళ్లు దేవుడికి. తిరిగి వచ్చాక గుడి ముందుకు సరాసరి పోరు, మర్రిచెట్ల కింద దిగుతారు. చకడాలు విప్పి, గుడ్డలు కట్టి, అమావాస్య రాత్రి పూజ దాకా అక్కడే.

నేను మొదటిసారి పోయినప్పుడు డిసెంబరు చలి ఇంకా వదలలేదు. మర్రి ఊడల నడుమ ఎక్కడ చూసినా పొగ, పసిపిల్లల ఏడుపు, ఎడ్ల గంటలు. తోసుకోవడం కనబడలేదు. ఎవరు ఎక్కడ దిగాలో వాళ్లకు ముందే తెలుసు. వాళ్లు వంట చేసుకునే గోవాడ్‌లో పొయ్యిలు 22, వంశమంతా వంతుల వారీగా వాటి మీదే వండుకోవాలి. వేలమంది వచ్చినా ఇరవై మూడో పొయ్యి పెట్టరు. పూజకు వాడే కుండలు సిరికొండ కుమ్మరులు చేసి ఇచ్చినవి. కొత్తగా వంశంలోకి వచ్చిన కోడళ్లను దేవుడికి పరిచయం చేసే భేటింగ్ కూడా ఈ మకాములోనే, తెల్లచీరల్లో తల నిండా ముసుగుతో. క్యాంపుగ్రౌండు అనే మాటకు నా మట్టుకు నాకు ఇదే అర్థం. నంబరు పలక లేదు కానీ నంబరు ఉంది.

ఇట్లా రాస్తుంటే గోండులకు అడవిలో ఎవరూ అడ్డు చెప్పలేదేమో అనిపిస్తుంది. చెప్పారు. నిజాం కాలంలో పశువులు మేపితే పన్ను, కట్టె కొడితే జరిమానా, పోడు కొట్టుకున్న చేను సర్కారు అడవి. ఊళ్లు లేపేశారు. అడవిలో ఉండే హక్కు కోసమే కుమ్రం భీమ్ తిరగబడి, 1940లో జోడేఘాట్ దగ్గర నేలకొరిగాడు. ఆ తర్వాతనే, అసలు వీళ్ల బాధేమిటో చూసి చెప్పమని నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను పంపింది. వియన్నాలో పుట్టిన ఆయన, భార్య బెట్టీతో వచ్చి మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నాడు. కేస్లాపూర్ జాతరలో ఇప్పటికీ జరిగే దర్బారు 1940లలో ఆయన చొరవతో మొదలైందే. ఆ ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నాయి. మకాముకు వచ్చి మిగిలిపోయినవాళ్లని చెప్పాలంటే నాకు ముందు వీళ్లే గుర్తొస్తారు. తక్కినవాళ్లం, నాతో సహా, ఆదివారం సాయంత్రానికి బండెక్కేవాళ్లమే.

ఇప్పుడా అడవి కవ్వాల్ పులుల అభయారణ్యం. 1965 నుంచి అభయారణ్యం, 2012లో టైగర్ రిజర్వు అయింది. లోపల ఎక్కడపడితే అక్కడ డేరా వేసుకుంటానంటే కుదరదు. జన్నారంలో టూరిజం వాళ్ల హరిత రిసార్టులో దిగి, పొద్దున సఫారీ జీపెక్కి తిరిగి రావాలి. మొదట్లో నాకు ఇది నచ్చలేదు. కంచె బయట నుంచి అడవిని చూడటమేమిటి అని కొన్నాళ్లు గింజుకున్నాను. నిజంగా లోపల రాత్రులు గడిపేది బేస్ క్యాంపుల వాచర్లు. ఎక్కువగా దగ్గరి గూడేల కుర్రాళ్లే. ఒక వేసవిలో వాళ్లలో ఒకరితో మాట కలిసింది. ఇప్ప చెట్టు కింద మాత్రం పండుకోవద్దు సార్ అన్నాడు. చైత్రంలో రాత్రంతా ఇప్పపువ్వు టపటపా రాలుతుంటుంది, తెల్లారేసరికి నేలంతా పాలరంగు. ఆ వాసనకు గుడ్డెలుగు వస్తుంది. అది మన కోసం రాదు, పువ్వు కోసం వస్తుంది. నడుమ మనముంటే మన మీద పడుతుంది. పులి కంటే దానికే వీళ్లు ఎక్కువ జంకుతారు. ఎండాకాలం వాగు ఎండిపోయి మడుగులు మాత్రమే మిగిలితే, జంతువుల కోసం కట్టిన నీటి గుంతలను నింపుకుంటూ తిరగడం వీళ్ల పనే. నింపి, అక్కడ ఆగకుండా వచ్చేస్తారు. నీళ్లు పెట్టినవాడు అక్కడే కూచుంటే తాగేది రాదు.

ఈ దూరాల లెక్కలో నన్ను ఎటూ తేల్చుకోనివ్వనిది ఒకటుంది. కవ్వాల్ కోర్ లోపల రాంపూర్, మైసంపేట అని రెండు చిన్న ఊళ్లు ఉండేవి. పులికి జాగ కావాలని వాటిని ఖాళీ చేయించారు. 2024లో అక్కడి కుటుంబాలు కడెం మండలంలోనే అడవి బయట కట్టించిన కొత్త ఇళ్లలోకి వచ్చాయి. పక్కా ఇళ్లు, కరెంటు, దగ్గర్లో రోడ్డు. ఒప్పుకునే వచ్చారు. వానకాలంలో వాగు దాటలేక, రోగం వస్తే దవాఖానకు పోలేక పడ్డ పాట్లు వాళ్లకే తెలుసు. కాబట్టి నేనెవర్ని వద్దనడానికి? కాకపోతే, అన్ని రాత్రులూ అక్కడ ఉన్నవాళ్లు బయటికి వచ్చిన అడవిలో ఒక్క రాత్రి ఉండనివ్వరా అని నేను గింజుకోవడం మాత్రం ఆ రోజుతో ఆగిపోయింది. హరిత రిసార్టు మంచం మీద పడుకుని దూరంగా కొండగొర్రె అరుపు వింటే చాలనుకుంటున్నాను. అది కొండగొర్రె అని చెప్పింది కూడా వాచరే. నేను కుక్క అనుకున్నాను.

ఆ దసరా రాత్రి వాగులోంచి ఈడ్చుకొచ్చిన డేరాను తర్వాత ఎవరూ వేయలేదు. ఒక గుంజ విరిగింది, జిప్పులోకి ఇసుక పోయి బిగుసుకుపోయింది. మా తమ్ముడు దాన్ని కోసి, విప్పి, పట్టాలాగ చేసి కల్లంలో వడ్ల కుప్ప మీద కప్పుతున్నాడు. మొన్న యాసంగిలో చెడగొట్టు వానకు పది బస్తాల వడ్లు కాపాడింది. కొన్న నాటి నుంచి అది చేసిన మంచి పని అదొక్కటే.

2022 జూలైలో కడెం పొంగింది. ప్రాజెక్టు గేట్లు వదలగలిగిన నీళ్ల కంటే వచ్చే నీళ్లు ఎక్కువై, కట్ట ఉంటుందో పోతుందో అని కింది ఊళ్లను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. 1958లోనూ 1995లోనూ దెబ్బ తిన్న కట్ట, ఈసారి ఎట్లాగో నిలబడింది. ఆ చలికాలం పగటి పూట ఒకసారి ఆ వాగు దగ్గరికి పోయాను. ఏరుమద్ది చెట్టు ఉంది. మేం డేరా వేసిన ఇసుక మేట లేదు, ఆ చోట మడుగు అయింది. కొమ్మల చీలికలో కొత్త గడ్డి లేదు. అంతకంటే పైన, మరో కొమ్మకు, ఒకే దిక్కుకు దువ్వినట్టు వేలాడుతోంది. మడమలెత్తి చెయ్యి చాపాను, అందలేదు. పక్కనున్న బండెక్కి చాపినా అందలేదు.

మీరు ఏ వాగు పక్కన దిగినా, పొయ్యికి పుల్లలు మాత్రం నేల మీదివే ఏరుకోండి. కొమ్మల్లోవి అక్కడే ఉండనివ్వండి.